రేపల్లె వీధుల్లో నా పెన్‌డ్రైవ్ ప్రసంగం

తెనాలిలో పుట్టి పెరిగి, బాపట్లలో బుద్ధి గడ్డి తిని, రేపల్లెలో ఊరంతా వినేలా పరువు పోగొట్టుకున్న మనిషిని చూడాలనుకుంటే ఇటు తిరగండి. నేనే.

అప్పటికి నాకు అరవై దాటి కొద్దికాలమే. ఇప్పటితో పోలిస్తే కుర్రతనం. ఒళ్లంతా పొగరు. రేడియోలు విప్పి బిగించడం నాకెవరూ నేర్పలేదు, కంప్యూటరూ అంతే. "ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారండి?" అని అడిగేవాళ్లంటే ఒళ్లు మంట. ఆ పుస్తకం రాసినవాడు ఏ పుస్తకం చూసి నేర్చుకున్నాడటా?

రేపల్లెలో మా చెల్లెలు నాగమణి టిఫిన్ హోటల్ పెడుతోంది. మర్నాడు పొద్దునే ప్రారంభం. మా వైపు కొత్త కొట్టు తెరిస్తే కాగితాలు పంచి లాభం లేదు, వాటిలో జనం బజ్జీలు చుట్టుకుంటారు. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పాల్సిందే. పైగా ఎదురుగుండానే ఓ పాత హోటలు, ఎప్పుడు చూసినా కిటకిట.

"మొదటి రోజే ఈగలు తోలుకుంటూ కూర్చున్నాననుకో, ఇక ఆ వీధిలో తలెత్తుకోలేను అన్నయ్యా" అంది ఫోన్లో.

"నేనుండగా నీకెందుకమ్మా?" అన్నాను. ఈ ముక్క నేనన్నప్పుడల్లా ఎక్కడో ఏదో ఒకటి పగులుతుంది.

ప్రకటన తయారుచేసింది నా బావమరిది ప్రభాకరం. బాపట్లలో పెళ్లి వీడియోలకు మెరుగులు దిద్దుతాడు. వెనక సన్నాయి, ముందు తియ్యటి ఆడగొంతు, మధ్యలో పెనం మీద అట్టు చుయ్యిమన్న చప్పుడు. వింటే నోరూరాలి. అది ఎక్కించుకు రావడానికి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని తెనాలిలో బాపట్ల రైలెక్కాను.

ప్రభాకరానిది మ్యాక్ కంప్యూటరు. నా పెన్‌డ్రైవ్ దానికి గుచ్చి మొహం చిట్లించాడు.

"బావగారూ, ఇది విండోస్ పద్ధతిలో ఉందండి. మావాడు దీన్ని చదువుతాడు గానీ ఇందులో రాయడు."

"చదవడం వచ్చినవాడికి రాయడం రాకపోవడమేంటయ్యా?"

"వాడంతేనండి. ఫార్మాట్ చేసి, ఫ్యాట్ అని ఉంటది, అది పెడితే ఎక్కడైనా పాడుద్ది. పెళ్లివాళ్ల కారొచ్చింది, కెమెరాలు ఎక్కించొస్తా. అందాకా మీరు ముట్టుకోకండి."

ఫార్మాట్ అంటే తెలియనివారికి ఒక మాట. నాట్లకు ముందు చేలో దమ్ము చేస్తారు చూడండి, అదే. పాత దుబ్బులన్నీ బురదలో కలిసి చేను చదునవుతుంది. దమ్ము చేశాక నిరుటి పంట వెతికితే దొరకదు. ఆ పైన గట్లు వేయాలి. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో రకం గట్టు కావాలి, పక్కవాడి గట్టు మీద కాలు పెట్టదు. అందరూ నడిచే గట్టు ఫ్యాట్. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నా చెవిలో మోగుతున్నది ఒక్కటే: 'ముట్టుకోకండి' అన్నాడా? నన్నా?

ముట్టుకున్నాను. తెర మీద పేర్ల వరస వచ్చింది. బోర్డు మీద డాక్టరు పేరు వెనక డిగ్రీలు ఎన్ని ఉంటే జ్వరం అంత తొందరగా తగ్గుతుందని నమ్మేవాళ్లం మేము. ఆ లెక్కన అన్నిటికన్నా పొడుగు పేరు నొక్కాను: మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ జర్నల్డ్. పలికితేనే కడుపు నిండింది. ఫ్యాట్ అట, ఫ్యాట్! కుక్కపిల్లకు పెట్టే పేరులా ఉంది. ప్రకటన కాపీ చేసి విన్నాను. అట్టు చుయ్యిమంది.

ప్రభాకరం తిరిగొచ్చి, "ఏది పెట్టారండి?" అన్నాడు.

"పెట్టాల్సిందే పెట్టాను."

అతను కంప్యూటరు కట్టేసి, గదికి తాళం వేసి పెళ్లికి వెళ్లాడు. నేను తెనాలిలో రైలు మారి రేపల్లెలో దిగాను. మైకు ఆటో సిద్ధంగా ఉంది. దాన్ని నడిపే కోటి పెన్‌డ్రైవ్‌ను మైకు డబ్బాకి గుచ్చాడు. ఎర్రలైటు మిణుకుమంది. చప్పుడు లేదు.

"పాడట్లేదండి బాబాయిగారూ."

"సరిగ్గా గుచ్చవయ్యా."

తీసి ఊదాడు. చొక్కా అంచుతో తుడిచాడు. కళ్లకద్దుకున్నాడు కూడా.

"దీనికి జొరమొచ్చినట్టుందండి."

"జొరం నీ డబ్బాకి!"

పక్కనే ఉన్న జిరాక్సు కొట్టుకు పరిగెత్తాను. అక్కడ ఉన్నది విండోస్. గుచ్చగానే తెర మీద ఓ ప్రశ్న ఊడిపడింది: ఇది వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

చూశారా దాని పొగరు! పొద్దున నా చేతులతో నేను చేసిన ఫార్మాట్‌ను అసలు లెక్కలోకే తీసుకోలేదు!

"లోపల ఏమన్నా ఉంటే పోద్దండి బాబాయిగారూ" అంటోంది కొట్టావిడ.

"దీని సంగతి నాకు తెలుసమ్మా!" అని 'అవును' మీద కసిగా నొక్కాను.

చేను చదునైంది. ఆటో దగ్గరకు తెచ్చి గుచ్చితే, మైకు డబ్బా ఇప్పుడు పెన్‌డ్రైవ్‌ను కొత్తల్లుణ్ణి చూసినట్టు చూసింది, పచ్చలైటు వెలిగించి మరీ. పాడటానికి మాత్రం లోపల ఏమీ లేదు. ప్రభాకరానికి ఫోన్ మీద ఫోన్. పెళ్లి బ్యాండు మోతలో అతనికి వినబడితేగా!

అంతలో నాగమణి పిండి చేతులతోనే వచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నారేంటి అన్నయ్యా? పొద్దు గూకుతోంది. ఇక రేపు ఎవరొస్తారు?" కళ్లలో నీళ్లు.

మైకు లాక్కుని ఆటో ఎక్కాను.

"రేపల్లె పురప్రజలకు నమస్కారం! రేపు పొద్దున బస్టాండు వీధిలో నాగమణి టిఫిన్ హోటల్ ప్రారంభం! ఇడ్లీ, పెసరట్టు, పూరీ..."

కాసేపు బాగానే సాగింది. ఓ మలుపులో కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి నవ్వాడు. "ఏంటి బావగారూ, రికార్డు లేదా? పాపం, మీరే అరుస్తున్నారు!"

నా తల భగ్గుమంది. "ఎందుకు లేదండీ? మ్యాక్‌లో ఎక్కిస్తే విండోస్‌కి అంటు, విండోస్‌లో ఉంటే మ్యాక్‌కి పట్టింపు! వేలెడంత లేదు, దీనికి ఇన్ని మర్యాదలేంటి? ఫ్యాట్ పెట్టుకోండయ్యా, అన్నిట్లోనూ పాడుద్ది! ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే మాత్రం చచ్చినా ఎస్ అనకండి!"

"బాబాయిగారూ, మైకు ఆన్‌లో ఉందండి" అన్నాడు కోటి.

"ఉండనీ! ఊరికి తెలియాలి!"

ఇక నన్నాపడం ఎవరి తరం? ఊరి చివరిదాకా అదే పాఠం, చివర్లో హోటలు అడ్రసు. ఇడ్లీలు, పూరీలు ఏ వీధిలో రాలిపోయాయో నాకే తెలియదు.

తెల్లవారింది. తలుపు తీసేసరికి వీధి పొడుగునా జనం. నాగమణి మొహం వెలిగిపోయింది.

"రండి బాబూ, ఏం పెట్టమంటారు?"

"ఏం వద్దక్కా. పెన్‌డ్రైవులు బాగుచేసే సారు ఇక్కడేనా?"

అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. అందరి గుప్పిట్లోనూ పెన్‌డ్రైవులే. ఒకాయన బల్లంత కంప్యూటరును సైకిలు వెనక కట్టుకొచ్చాడు. నాగమణి గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది. ఆ చూపుకు నేనే సగం ఫార్మాటైపోయాను.

కానీ అది నా చెల్లెలు. ఇటు తిరిగి చల్లగా అంది: "సారు ఇక్కడేనండి. టిఫిన్ చేసినవాళ్లవే చూస్తారు. లోపలికొచ్చి కూర్చోండి."

పొద్దెక్కకముందే పిండి ఖాళీ. ఎదుటి హోటలాయన కూడా వచ్చి రెండు ప్లేట్లు తిని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. నేను ఒక్కటి గుచ్చి చూస్తే ఒట్టు. ప్రతిదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది లోతైన జబ్బు" అని గంభీరంగా చెప్పి, అందర్నీ బాపట్లలో ప్రభాకరం దగ్గరకు పంపాను. అతను నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

ఆవిర్లు కక్కే ఇడ్లీ పాత్ర మీద చెయ్యి పెట్టి ఆ రోజే ప్రమాణం చేశాను. వేళ్లు కాలాయి గనక మరిచిపోలేదు: ఇక ఈ జన్మలో 'చేయమంటారా' అని ఎవరడిగినా 'అవును' అననుగాక అనను. మొన్న పొద్దున మా ఆవిడ వంటింట్లోంచి, "నెయ్యేసి ఇంకో పెసరట్టు చేయమంటారా?" అంది. నోరూరింది. అయినా నిష్ఠ నిష్ఠే. "వద్దు" అన్నాను.

ఆవిడ పొయ్యి ఆపేసింది.