నీలం వల చిక్కం

గన్నవరం విమానాశ్రయంలో మా అమ్మ చేతిసంచిని యంత్రంలోంచి రెండోసారి పంపినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మూడోసారి పంపాక యూనిఫాంలో ఉన్న అమ్మాయి సంచి తెరిచి, చీర మడతల్లోంచి ఒక ఇనప చుట్టును బయటికి తీసింది. చుట్టుకి ఒక పక్కన చిన్న కత్తి బిగించి ఉంది.

"ఏంటండీ ఇది?" అంది ఆ అమ్మాయి.

"చిక్కం తలమ్మా," అంది మా అమ్మ, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

లైన్లో మా వెనకున్నవాళ్ళు నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. చిక్కం అంటే మామిడికాయలు కోసేది. పొడుగాటి వెదురు గెడ, దాని చివర ఇనప చుట్టు, చుట్టుకి కత్తి, కింద వలసంచి. కాయ ముచ్చికను, అంటే తొడిమను, కత్తికి తగిలించి లాగితే కాయ వలలో పడుతుంది. నేలమీద పడదు. నూజివీడు చుట్టుపక్కల వాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు. కానీ దీవులు చూడ్డానికి బయల్దేరిన మనిషి దాని తలకాయ ఊడదీసి చేతిసంచిలో ఎందుకు పెట్టుకుందో మాత్రం నూజివీడు వాళ్ళకైనా చెప్పాల్సిందే.

"ఇంట్లో వదిలేసి వస్తే ఎవరైనా పట్టుకుపోతారే. మీ నాన్న చేయించింది," అంది అమ్మ నాతో మెల్లగా. తర్వాత ఆ అమ్మాయితో గట్టిగా, "కత్తి మీరు పీకేసుకోండి. చుట్టు నాకిచ్చెయ్యండి," అని బేరం పెట్టింది. వాళ్ళు ఒప్పుకోలేదు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. చుట్టు, కత్తి అక్కడే ప్లాస్టిక్ డబ్బాలో పడ్డాయి. చెన్నైలో విమానం మారేదాకా మా అమ్మ నాతో మాట్లాడలేదు. పెద్ద సంచిలో పెట్టి ఉంటే పోయేది కాదుగా, నాతో ఒక్క ముక్క చెబితే ఏం పోయింది అని నా మంట నాది.

మా వైపు చిక్కం పట్టేది మగవాళ్ళు. ఆడవాళ్ళు కాయలు మోస్తారు, ఏరతారు, తుడుస్తారు. మా నాన్న పోయాక మా అమ్మ ఆయన చిక్కం తీసుకుని ఏకంగా తోటలోకి వెళ్ళి నిలబడింది. మొదటి ఏడు నవ్వారట. రెండో ఏడు నుంచి కోతల మేస్త్రే ఇంటికొచ్చి పిలిచేవాడు. ఆమె కోసిన కాయకి మచ్చ ఉండదని పేరు. ఆ చిక్కంతోనే నన్ను చదివించింది, నూజివీడు బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టించింది. పోయిన సీజన్లో కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది. ఈ ఏడు పిందె కట్టగానే మేస్త్రి వచ్చి, "గెడ పని వద్దులే పిన్నీ. నీడన కూర్చుని కాయలు తుడువు," అన్నాడు. మంచి మాటే అనుకున్నాడు పాపం.

అమ్మ ఆ రోజు అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడిగేసుకుంది. నేను చేసిందల్లా ఏంటంటే, "నిజమేగా అమ్మా, ఎన్నాళ్ళు చేస్తావు, హాయిగా కూర్చో," అనడం. మేస్త్రి అన్న మాటే. నేను కాస్త తియ్యగా అన్నాను, అంతే తేడా.

అండమాన్ ప్రయాణం నా పన్నాగం. షాపులో ఊరందరి టికెట్లూ ప్రింటు తీసేది నేనే. మార్చిలో అక్కడ చినుకు పడదని, సముద్రం అద్దంలా ఉంటుందని, చూస్తే అప్పుడే చూడాలని వెళ్ళొచ్చినవాళ్ళందరూ చెప్పేవాళ్ళు. సరిగ్గా అదే నెలలో మా వీధిలో కోతల మనుషుల్ని కూడేస్తారు. ఆ మాటలు అమ్మ చెవిన పడకుండా ఎక్కడికైనా తీసుకుపోవాలనిపించింది. షాపు మూసేసి మరీ తీసుకెళ్ళాను. ఆమె మనసు మళ్ళిస్తున్నానని నాకు గొప్ప గర్వం. ఆమె మనసు మాత్రం సంచిలో, చీర మడతల్లో ఉందని నాకేం తెలుసు!

పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, పెద్ద పడవెక్కి నీల్ దీవికి వెళ్ళాం. మేం దిగిన ఇంటావిడ మన తెలుగావిడే. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చేశారట. ఆవిడ "రండమ్మా, కూకోండి" అనగానే మా అమ్మకి ప్రాణం లేచొచ్చింది. వానల్లేని రోజుల నడుమ వచ్చాం కాబట్టి బావి అడుగంటింది, స్నానానికి మనిషికి రెండు బకెట్లే అంది ఆవిడ. దారి పక్కన గడ్డి ఎండి పేలాల్లా చిటపటమంటోంది. కొబ్బరాకులకి కూడా దుమ్ము పట్టింది. నాలుగడుగులు వేస్తే ఎదురుగా సముద్రం. అబ్బ, ఆ రంగు! మోకాలి లోతులో మన గోళ్ళు మనకి కనబడతాయి. నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. అమ్మ ఒకసారి చూసి, "బాగుంది," అని వెనక్కి తిరిగింది.

వెనక్కి ఎందుకు తిరిగిందంటే, ఆ ఇంటి పెరట్లో మామిడిచెట్టు ఉంది.

మనకంటే ముందే అక్కడ కాయ తయారైపోయింది. చెట్టు విరగకాసింది. కింద పడి పగిలినవి, కుళ్ళినవి, ఈగలు ముసురుతున్నవి. మర్నాడు పొద్దున్నే ఇంటావిడ ఒక కర్ర పట్టుకుని కొమ్మల్ని బాదుతోంది. రేకుల మీద కాయలు దబదబా పడుతున్నాయి. మా అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసి పరుగెత్తింది.

"అయ్యో అయ్యో, ఏం పనమ్మా అది! పసిపిల్లని కొట్టినట్టు కొడతావేంటి?"

"ఏటి సెయ్యమంటారమ్మా," అంది ఆవిడ. "మా రేకులు పగిలిపోతన్నాయి. ఈ సెట్టు కాయ దేనికీ పనికిరాదు. నల్లమచ్చలొచ్చి కుళ్ళిపోద్ది. మేకలు కూడా ముట్టవు."

"నేలన పడ్డ కాయ కుళ్ళక పండుద్దా? ముచ్చిక ఊడి సొన కారితే మచ్చలు రావా మరి?" అమ్మ ఒక కాయ చేతిలోకి తీసుకుని నాకు చూపించింది. "చూడవే, ముచ్చిక పక్కన భుజాలు ఎలా పైకి తేలాయో. బాగా ముదిరింది, బంగారం లాంటి కాయ. కోసే మనిషి లేక గానీ."

అని, ఆవిడ చేతిలో కర్ర తీసుకుంది. పైకెత్తబోయింది. కర్ర ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. పెదవి కొరుక్కుంది. కర్రని జాగ్రత్తగా గోడకి ఆనించి, చెట్టు కింద కూర్చుండిపోయింది.

"మేస్త్రి చెప్పింది నిజమే," అంది. "నా పని అయిపోయింది."

ఏడుపు వస్తే నాకు ముందు కోపం వస్తుంది. "మామిడిచెట్టు కింద కూర్చోడానికి ఇంత దూరం రావాలా? లే, సముద్రంలోకి పద!" అని అరిచాను. ఇంటావిడ నా వంక అదోలా చూసింది. చూడనీ! అమ్మ రెక్క పట్టుకుని, ఎడమ రెక్కే లెండి, లాక్కుపోయాను.

మొదట పాదాలు తడుపుకుంటే చాలంది. తర్వాత మోకాళ్ళు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, అల లేదు. నడుం దాకా వచ్చింది, చీర తేలిపోతుంటే తిట్టుకుంటూ దోపుకుంది. మెడ దాకా వచ్చాక గమ్మున ఆగిపోయింది. భయపడిందేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను.

"ఏమే, నా చెయ్యి చూడవే," అంది.

కుడి చెయ్యి నీళ్ళల్లో భుజం ఎత్తున తేలుతోంది. ఆమె ఎత్తలేదు. నీళ్ళే మోస్తున్నాయి. మెల్లగా ఇంకాస్త లేపింది. మునివేళ్ళు నీటి పైకి వచ్చాయి. మణికట్టు వచ్చింది. మోచెయ్యి వచ్చింది. నొప్పితో ఒక్కసారి కళ్ళు మూసుకుని, తెరిచి, పకపకా నవ్వింది. "లేచింది! లేచిందే దరిద్రపు చెయ్యి!" అని అరిచింది. నాన్న పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

ఆ తర్వాత ఆమెని నీళ్ళల్లోంచి బయటికి తేవడం నా తరం కాలేదు. పగడాలు చూపించే గాజు పడవ వద్దంది. అవతలి ఒడ్డున సూర్యాస్తమయం వద్దంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మెడ లోతులో నిలబడి, చెయ్యి పైకెత్తి, పిడికిలి మూసి, కిందికి లాగుతుంది. మళ్ళీ ఎత్తుతుంది, మళ్ళీ లాగుతుంది. ఈత బట్టలు వేసుకున్న ఒక జంట అదేదో వ్యాయామం అనుకుని ఆమె పక్కన నిలబడి అలాగే చేయడం మొదలుపెట్టారు. మా అమ్మ వాళ్ళని తెలుగులోనే దిద్దింది, "లాగడం కాదమ్మా, కాస్త తిప్పాలి." వాళ్ళు తిప్పారు! ముగ్గురూ కలిసి లేని చెట్టుకి లేని కాయలు కోస్తుంటే నేను ఒడ్డున కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను. నాలుగో రోజుకి నడుం లోతు నీళ్ళల్లోనూ చెయ్యి లేచింది.

ఐదో రోజు అమ్మ ఇంటావిడని అడిగింది, "మీ ఆయన దగ్గర పాత వల ముక్క ఉందామ్మా?" ఆయన చేపలకి వెళ్తాడు. మాట తక్కువ మనిషి. నీలం నైలాన్ వల ముక్క, విరిగిన బకెట్ పిడి, రంపం బ్లేడు ముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పిడిని చుట్టుగా వంచి, బ్లేడు బిగించి, వలని సంచిలా కుట్టి, సన్నటి వెదురు గెడకి కట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది.

గెడని ఎప్పట్లా భుజానికి ఆనించలేదు. మొదలుని నడుం మీద పెట్టుకుంది. బరువంతా నడుం మీద, చేతులు దారి చూపడానికే. మొదటి కాయకి కత్తి తగిలించి లాగింది. కాయ వల అంచుకి తగిలి, కింద పడి పగిలిపోయింది. అమ్మ గెడ దించి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఎత్తింది. లాగింది, కాస్త తిప్పింది. కాయ వలలో పడింది, జానెడు ముచ్చికతో సహా.

ఆ పూట మధ్యలో ఆగి ఆగి, భుజం నిమురుకుంటూ, చెట్టంతా కోసింది. ఆ మొదటిది తప్ప ఒక్క కాయ నేలన పడలేదు. నేనూ ఇంటావిడా ముచ్చికలు విరిచి, సొన కారిపోయేలా కాయల్ని బోర్లా పెట్టాం. గదినిండా ఎండుగడ్డి పరిచి మాగేశాం. "వారం దాకా గడ్డి కదపొద్దు," అని ఇంటావిడకి వార్నింగ్ ఇచ్చి మరీ పడవెక్కింది. తిరుగు విమానంలో చిక్కం తలని నేనే పెద్ద సంచిలో వేయించాను.

సరిగ్గా వారానికి ఇంటావిడ వీడియో కాల్ చేసింది. గడ్డి తీస్తుంటే పసుప్పచ్చటి పండ్లు, ఒక్కదానికీ మచ్చ లేదు. "అమ్మా, ఇన్నేళ్ళూ ఇంత తియ్యటి సెట్టుని కర్రలతో బాదినానమ్మా," అంది ఆవిడ, ఏడుస్తున్నట్టే ఉంది. అమ్మ ఫోన్లోకి గట్టిగా, "వచ్చే ఏడు కొట్టావంటే ఊరుకోను," అంది.

కోతలు మొదలైన రోజు అమ్మ నాకు చెప్పకుండానే కూలీల ఆటో ఎక్కేసింది. నేను షాపుకి తాళం వేసి స్కూటీ మీద వెనకే వెళ్ళాను. విస్సన్నపేట దారిలో చిన్నరసాల తోట. నేను వెళ్ళేసరికి మేస్త్రి ఆమె చేతిలో నీలం వల చిక్కాన్ని చూస్తున్నాడు.

"ఏంటి పిన్నీ ఇది, చేపలు పడతావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

అమ్మ చిటారుకొమ్మ చూసుకుంది. గెడ మొదలు నడుం మీద పెట్టి, కుడి చెయ్యి తలపైకి ఎత్తింది. లాగింది, తిప్పింది. కాయ నీలం వలలోకి దిగింది. గెడ దించి, కాయని ముచ్చికతో సహా మేస్త్రి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ ఉత్తరప్పక్క వరసలన్నీ నీవే పిన్నీ," అన్నాడు.

నేను అమ్మ దగ్గరికి వెళ్ళి, "జాగ్రత్తే అమ్మా, మరీ ఎక్కువ..." అని ఏదో అనబోయాను. నా వైపు తిరిగి చూసింది. పక్కనున్న గోనెపట్టా మీంచి పాత గుడ్డ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు నీడన కూర్చుని కాయలు తుడవ్వే," అంది.

సాయంత్రం దాకా తుడిచాను.