చివరి చేను వంతు

మొన్న పట్టపగలు, భోజనం చేసి పడక్కుర్చీలో వాలినప్పుడు, మా ఫ్లాటు స్నానాల గదిలో నేల మీది జాలీ కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడయింది. పై అంతస్తువాళ్ళు నీళ్ళ తొట్టి ఒంపి ఉంటారని నా ఇల్లాలు అటు తిరిగి పడుకుంది గాని, ఉద్యోగమంతా మంచినీళ్ళ పైపులకూ మురుగు పైపులకూ పథకాలు గీసి రిటైరైన నేను మాత్రం కాళ్ళు రెండూ పైకి లాక్కుని కూర్చున్నాను. ఆ చప్పుడు తర్వాత ఏం వస్తుందో ఒకప్పుడు అక్క ఇంట్లో చూసినవాణ్ణి.

అక్క ఇల్లున్న చోటు ఒకప్పుడు మా నాన్న పొలం, మైపాడు పోయే దారిలో. పొలం చేసిన ఇళ్ళలో పుట్టిన మన ఈడువాళ్ళకు నీళ్ళ వంతులు గుర్తుండే ఉంటాయి. మా కాలువ కింద కట్టుబాటు ఏమిటంటే, తూము ఎత్తితే మొదటి తడి చివరి చేనుకు, ఆ తర్వాత దాని పైదానికి, అట్లా వెనక్కి వస్తూ కాలువ తల దగ్గరి చేనుకు ఆఖరున. పైవాళ్ళు ముందు పెట్టుకుంటే చివరివాళ్ళ మడి ఎండిపోతుందని పెద్దలు ఏర్పరచుకున్న పద్ధతి. మాది చివరి నుంచి మూడో చేను. కింది చేలల్లో నీళ్ళు మెరవడం చూసి, అక్కా నేనూ మా చేలోకి నీళ్ళు మళ్ళేట్టు మడవ తీయడానికి గట్టు మీద నుంచి లేచేవాళ్ళం.

పట్నం పెరిగి ఆ చేలన్నీ ప్లాట్లయినప్పుడు, అక్కడి మురుగు పథకం నా చేతికే వచ్చింది. తన వాటా స్థలంలో ఇల్లు మొదలుపెట్టే ముందు అక్క నన్నే అడిగింది. అంతా నేను చూసుకుంటానని మాటిచ్చాను. ప్లాటు ప్లాటుకూ ఎత్తుపల్లాలు కొలవవలసిన పని. నడివేసవి ఎండకు బద్ధకించి, ఎండిపోయిన కాలువ వెంబడి మాత్రం కొలిపించి, పైపు ఆ దారినే గీసేశాను. పుట్టినప్పటి నుంచి అందులో నీళ్ళు పారడం చూసినవాణ్ణి, దాని వాలు నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. సాగు కాలువ చేలకన్నా మిట్టన ఉంటుందనీ, చేలకు నీళ్ళు పంచడమే గాని చేల నుంచి తీసుకుపోవడం దానికి చేతకాదనీ, రైతు బిడ్డనై ఉండి కూడా ఆలోచించలేదు.

ఇళ్ళు నిండిన ఏడాది కార్తీకంలో, మా మురుగు పైపు కలిసే, సముద్రం వైపు పోయే పెద్ద కాలువ నిండి ఉన్న ఒక రోజు, ఆకాశంలో మబ్బు తునకైనా లేకుండానే, చివరి చేను మీద కట్టిన ఇంట్లో మురుగు ఎదురు తన్నింది. తర్వాత దాని పై ఇంట్లో. ఆ తర్వాత అక్క ఇంట్లో. తగ్గి మళ్ళీ వచ్చినప్పుడల్లా అదే వరస, ఒక్క ఇల్లు తప్పకుండా. అక్క ఎదురింటి టీచరుగారు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడే మనిషి, నన్ను చూస్తే వదిలేవాడు కాదు. "సారూ, తడి బాగానే పెట్టినారు, నాట్లెప్పుడేద్దాం?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. అక్క నవ్వేది కాదు.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి అక్క స్నానాల గది గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది. జాలీ కింద ఆ గొంతు సవరింపు. బియ్యం మూట మంచం మీదికి ఎక్కించి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "కింద రెండిళ్ళకూ అయిపోయినాయంట అబ్బయా. ఇంక మన వంతు," అంది. అది గట్టు మీద కూర్చున్న చిన్నపిల్ల గొంతే కావడం నన్ను నీళ్ళకన్నా ఎక్కువ భయపెట్టింది. నల్లనీళ్ళు ఏ తొందరా లేకుండా, మడిలోకి వచ్చినట్టే, మూలమూలా తడుముకుంటూ వచ్చి వంటింటి గడప దాటాయి. వాటితోపాటు ఖాళీ నత్తగుల్లలు, చేలల్లో దొరికేవి, గచ్చు మీద గలగలమంటూ దొర్లాయి. అవి పైపులోకి ఎట్లా వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

"నిజంగా మేం చెత్త పోసినందుకేనా ఇదంతా?" అని అడిగింది అక్క. అంతకు ముందు కాలనీవాళ్ళు నిలదీస్తే, గుడ్డలూ అన్నమూ పోస్తే పైపేం చేస్తుందని నేను గట్టిగా దబాయించిన మాట అది. తప్పు నాదని చెప్పడానికి అడ్డేమీ లేదు, ఆ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అవునక్కా, కొంచెం చూసి పోసుకోండి అన్నాను.

ఆ ఏడే అక్క ఇల్లు వదిలి, వెంకటాచలంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత నేనే పట్టుబట్టి పల్లం వెంబడి కొత్త లైను వేయించాను, పంపులు పెట్టించాను, ఆఫీసులో తప్పు ఒప్పుకున్నాను కూడా. అక్కతో మాత్రం రేపు మాపు అంటూ ఉండిపోయాను. కూతురి ఇంట్లో ఆమె బియ్యం కడిగిన నీళ్ళు కూడా పాత చీర గుడ్డలో వడగట్టి పోసేది. "ఏందిమా, కాఫీనా అది?" అని కూతురు ఎగతాళి చేస్తే, "మన వల్ల ఇంకొకళ్ళింట్లోకి పోకూడదు గదా," అనేది. తను పోయేదాకా అట్లాగే వడగట్టింది.

ఇప్పుడా కాలనీలో ఏ చేను ఎక్కడుండేదో తెలిసినవాళ్ళు లేరు. నీళ్ళు ఒంపినవాళ్ళు ఒంపిన క్షణమే వాటిని మరిచిపోతారు. అట్లా మరిచిపోనివ్వడమే మా వృత్తి లోకానికి చేయగల మేలు. ఎందరెందరికో ఇవ్వగలిగిన ఆ మరుపును, ఒక్క మాటతో అక్కకు ఇవ్వగలిగి ఉండీ, నేను ఇవ్వలేదు.