శారదమ్మకు తగిలిన మొదటి బహుమతి

శారదమ్మకు కావాల్సింది మిక్సీ. నాచారంలో ఒక మసాలా కంపెనీలో ఆమె పొట్లాలు ప్యాక్ చేస్తుంది. యాభై రెండేళ్లుంటాయి. ఉప్పల్‌లో చెప్పులు కొన్నప్పుడు లక్కీ డ్రా చీటీ నింపింది కూడా రెండో బహుమతి మీద ఆశతోనే. తీరా చూస్తే మొదటిది తగిలింది. హిమాలయాల్లో పన్నెండు వేల అడుగుల శిఖరం ఎక్కించి తీసుకొస్తారట, ఒక్కరిని.

మిక్సీ గెలిచిన సుధీంద్ర రిటైరైన సైంటిస్టు. శారదమ్మ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, మార్చుకుందామా అని అడిగింది. ఆయన కాఫీ ఇప్పించి చాలాసేపు ఆలోచించాడు.

"నాకూ కొండే కావాలమ్మా. కానీ మా ఆవిడ అప్పుడే అందులో అల్లప్పచ్చడి చేసేసింది" అన్నాడు దిగులుగా.

వచ్చినదాన్ని కాదనడం శారదమ్మకు చేతకాదు. రోజూ డ్యూటీకి ముందు ఉప్పల్ స్కైవాక్ వంతెన మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. ఏదో పారేసుకుందనుకుని అక్కడి సెక్యూరిటీ గార్డు రెండు రోజులు ఆమె వెనకాలే తిరిగి వెతికాడు. మూడో రోజు ఏం పోయిందని అడిగాడు. కొండెక్కాలని ఆమె చెబితే, లిఫ్ట్ పనిచేస్తోందని చెప్పాడు.

ఫిబ్రవరిలో బయల్దేరింది. మంచులో చీర కింద ప్యాంటు తొడుక్కుని మూడు రోజులు నడిచింది. గుంపులో మేడిపల్లి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు అనిరుధ్ ఉన్నాడు. శిఖరం ఇంకా రెండొందల అడుగులు ఉందనగా అతను చతికిలబడి, ఇక తనవల్ల కాదన్నాడు. శారదమ్మ అతని పక్కన నిలబడింది.

"గీడ కూసుంటే బస్సొస్తదా బిడ్డా? లే."

అతను కాసేపు ఆలోచించి, రాదని తేల్చుకుని, లేచాడు.

పైకి చేరగానే అందరూ కౌగిలించుకుని ఏడ్చారు. శారదమ్మ మాత్రం శిఖరం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. గుడి లేదు, జెండా లేదు, కనీసం టీ కొట్టు లేదు.

"పైన ఏమున్నది బిడ్డా?" అని అనిరుధ్‌ను అడిగింది.

"ఏం లేదు పెద్దమ్మా. ఇదే పైన."

ఆమెకు నవ్వొచ్చింది. కర్ర పట్టుకుని నిలబడలేక మంచులో కూర్చుని మరీ నవ్వింది. కళ్లెదుట తెల్లటి కొండలు వరసగా మెరుస్తున్నాయి. తనతో ఎవరికీ పని లేని చోట అంతసేపు కూర్చోవడం ఆమెకు అదే మొదలు. దిగుదామని గైడు మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక కంపెనీలో అందరూ పైన ఏముందని అడిగారు. ఏం లేదంది. ఎవరూ నమ్మలేదు. ఏదో చూసి దాస్తోందన్నారు. పక్క బల్ల మీద పనిచేసే విజయశ్రీకైతే నిద్రపట్టలేదు. కూడబెట్టుకున్న సెలవులన్నీ పెట్టి, మళ్లీ చలికాలం రాగానే తనూ వెళ్లొచ్చింది.

తిరిగి డ్యూటీకొచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర అందరూ ఆమె చుట్టూ చేరారు. విజయశ్రీ శారదమ్మ వైపు చూసింది.

"ఏం లేదే" అంది, నవ్వాపుకుంటూ.

ఆ రోజు నుంచి కంపెనీలో ఇద్దరినీ నమ్మడం మానేశారు.