లాంచీ ఎక్కి మా కొండకు

మా ఊరు నాగార్జునకొండ లోయలో ఉండేది. సాగర్ డ్యాం కట్టాక కృష్ణ నీళ్ళు వెనక్కి తన్ని లోయంతా నిండాయి. మేమంతా అప్పటికే ఊరు ఖాళీ చేసి మాచర్ల చుట్టుపక్కలకు చేరాం. కొండ ఒక్కటే నీళ్ళ మధ్య లంకలా మిగిలింది.

మా అమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఊరు వదలడానికి అయిదారేళ్ళ ముందు చెల్లిని కని, పచ్చి బాలింతగానే పోయింది. కొండ కింద, వాగు పక్కన మా చర్చి వాళ్ళ సమాధుల దగ్గర పూడ్చారు. ఊరు వదిలేటప్పుడు జనం దూలాలు, తలుపులు, చర్చి గంట కూడా బండ్ల మీదకు ఎక్కించారు. నాయన పాస్టరుగారి దగ్గరకు వెళ్ళి, అమ్మను కూడా తీసుకుపోవచ్చా అని అడిగాడు.

"ఆత్మ దేవుడి దగ్గరుంది. మట్టి ఎక్కడుంటే ఏందయ్యా?" అన్నారాయన.

నాయన ఇంటికొచ్చి సున్నం నానబెట్టాడు. ఆ సాయంత్రం సమాధికి సున్నం కొట్టి వచ్చాడు. కొన్నాళ్ళలో నీళ్ళొస్తాయని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ అమ్మ మాట ఎత్తలేదు. నేను ట్రైనింగ్ పూర్తి చేసి బడిలో చేరాను. కొండ మీద మ్యూజియం పెట్టారని, లాంచీలు తిరుగుతున్నాయని విని చెల్లి పట్టుబట్టింది.

"ఎక్కడెక్కడి వాళ్ళో చూసొస్తున్నారు. మన ఊరు నేను చూడొద్దా?"

చివరికి నాయన, "సరే పదండి" అన్నాడు.

సెలవురోజు బస్సెక్కి రేవుకు వెళ్ళాం. లాంచీ నిండా జనం, పులిహోర వాసన, పిల్లల కేకలు. ఎండకు నీళ్ళు తళతళలాడుతుంటే అందరూ చేతులు చాపి చూపించుకుంటున్నారు. నాయన బల్ల అంచు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. సగం దూరం వెళ్ళాక లాంచీ నడిపే అతన్ని అడిగాడు.

"అబ్బాయా, ఇప్పుడు మన కింద ఉన్నది ఏ ఊరు?"

"ఊళ్ళేంది పెద్దాయనా? అంతా నీళ్ళేగా" అన్నాడతను. ఎక్కడి నుంచో పనికి వచ్చినవాడు. తప్పుగా ఏమీ అనలేదు.

ఒకప్పుడు నాయన మేకలు తోలుకుంటూ పొద్దున్నంతా ఎక్కే కొండ మీదకు లాంచీ నుంచి ఒక్క అడుగులో దిగాం. మ్యూజియంలో జనం రాతిబొమ్మల ముందు నిలబడుతుంటే నాయన ఆగలేదు. బయటికొచ్చి, కొండ అంచు వెంట గబగబా నడిచాడు. ముళ్ళు, రాళ్ళు, కూలిన కోటగోడ. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. మేమిద్దరం వెనకాలే పరుగెత్తాం.

"అదిగో, అక్కడ" అని ఒకచోట ఆగి చూపించాడు. వెంటనే, "కాదు, వాగు ఇటుండేది" అని ఇంకోవైపు నడిచాడు. అక్కడా తేల్చుకోలేకపోయాడు. వాగు లేదు, దారి లేదు, ఆనవాలుగా ఒక్క చెట్టు లేదు. ఎటు చూసినా ఒకే నీలం.

"తెలవడంలేదమ్మా" అని రాతి మీద కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను.

చెల్లి ఆయన పక్కన కూర్చుంది. "మీ ఇద్దరికైనా అమ్మ మొహం గుర్తుంది నాయనా. నాకు సమాధి ఒక్కటే గుర్తు. ఇప్పుడు అదీ లేదు."

ఆ మాటకు నాయన దాని వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ పొట్టిగా ఉండేదని, గొంతు మాత్రం పెద్దదని, మధ్యాహ్నం కొండ కింద నిలబడి, "సంగటి చల్లారిపోతోంది, దిగిరావయ్యా" అని అరిస్తే పైన మేకలు కూడా తలెత్తి చూసేవని. చెల్లి ఆయన మొహం మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

లాంచీ కూత వేసింది. నాయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. రెండోసారి కూత వేశాక నేనే ఆయన్ను లేపాను.

మళ్ళీ వెళ్దామని చెల్లి చాలాసార్లు అడిగింది. "అక్కడేముందే?" అనేవాడు. కొన్నేళ్ళకు నాయన పోతే మాచర్లలో పూడ్చాం. పాత ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు. మొగుడొకచోట, పెళ్ళామొకచోట అయ్యారని రాగాలు తీసి ఏడ్చారు. చెల్లి ఆ ఆడవాళ్ళలో ఒక ముసలామె చేయి పట్టుకుని, "అమ్మ నీకు తెలుసా? ఎట్లా ఉండేది?" అని అడుగుతోంది.