పూనా పచ్చడి

మా అత్తవారింట్లో ఇటలీ దేశాన్ని పూనా అనేవారు. ఈ సంగతి పెళ్ళయిన నెలకు గానీ నాకు తెలియలేదు. మా తాడేపల్లిగూడెం వచ్చి సంబంధం మాట్లాడినప్పుడు అత్తగారు మా నాన్నతో, "మావాడు యుద్ధం రోజుల్లో పూనాలో మిలటరీ లారీలు తోలాడండీ. ఇప్పుడు ఇంటిపట్టునుండి వ్యవసాయం చూసుకుంటున్నాడండీ" అన్నారు. లారీలు తోలడం నిజమే. వ్యవసాయమూ నిజమే. ఊరి పేరు దగ్గరే ఆవిడ కాస్త చేతివాటం చూపించారు.

అసలు పూనాతో మా ఆయనకున్న సంబంధమల్లా రైలు అక్కడ ఆగినప్పుడు దిగి టీ తాగడం. ఆ తర్వాత బొంబాయి, అక్కణ్ణించి ఓడ, ఎడారి, మళ్ళీ ఓడ, ఆపైన ఇటలీ. యుద్ధం అయిపోయి ఇంటికి తిరిగొచ్చేసరికి తను పూనా నుంచి వచ్చానని ఊరందరి నోటా విని ఆయన తెల్లబోయారట. అత్తగారు ఆయన్ని దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, తన నెత్తిన చెయ్యి పెట్టించుకుని, ఇటలీ మాట ఎత్తనని ఒట్టు వేయించుకున్నారు. ఎందుకో చెప్పలేదు. సముద్రం దాటినవాడికి, అక్కడ ఏం తిన్నాడో తెలియనివాడికి పిల్లనెవరిస్తారన్న భయం కాబోలనుకుని ఆయన ఊరుకున్నారు. ఆయన పెట్టె సర్దుతూ మిలటరీ కాగితాలు చూసి సంగతి తెలిసిన రోజున నేనూ అదే అనుకుని, మోసపోయింది మా నాన్నే కదా అని ఒక పూట అన్నం మానేశాను. ఎవరూ గమనించకపోవడంతో మర్నాడు తిన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా ఆయన తల్లి మాట జవదాటరు. అలాగని నోరు మూసుకుని కూర్చోనూలేరు. అందుకని రెంటికీ చెడకుండా ఇటలీ కబుర్లన్నీ పూనా పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, పూనాలో మోకాలి లోతు మంచు పడేదనీ, పూనా ఆడవాళ్ళు ద్రాక్షపళ్ళు తొట్లో పోసి కాళ్ళతో తొక్కేవారనీ, పూనా దగ్గర ఒక కొండ నెత్తి మీంచి నిప్పులు కక్కిందనీ చెబుతుంటే, చుట్టూ కూర్చున్నవాళ్ళు చుట్టలు ఆరిపోతున్నా పట్టించుకోకుండా వినేవారు. విని, లేచి, వీధి మలుపు తిరిగాక పడీపడీ నవ్వుకునేవారు.

కొన్నాళ్ళకి మా ఊళ్ళో అబద్ధానికి పూనా అన్న పేరు స్థిరపడిపోయింది. "నీ పూనా నా దగ్గరా" అనేవారు. "ఒట్టండీ, పూనా కాదండీ" అని పాలేళ్ళు మాకే చెప్పేవారు. ఒక ఏడాది వానల్లో మా ఆయన పొద్దున్నే పరుగెత్తుకొచ్చి, మురుగుకాలవ గట్టు జారుతోంది, మనుషుల్ని తీసుకురండని అందరి గుమ్మాల్లోనూ చెప్పారు. ఒక్కరూ కదల్లేదు. కొల్లేటి నీళ్ళు ఎగదన్ని పొలాల మీద పడ్డాయి. మాతోపాటు నవ్వినవాళ్ళ ఊడుపులూ పోయాయి. అప్పుడు కూడా తప్పు మా ఆయనదే అయింది. నమ్మేలా చెప్పలేదన్నారు. ఆ రోజు ఆయన అన్నం ముందు కూర్చుని, "నేను ఈసారి నిజమే చెప్పాను కదే" అన్నారు. ఆ "ఈసారి" అన్న మాట విని నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడూ నిజమే చెప్పిన మనిషి ఆయన.

ఇలా ఉండగా ఏలూరులో వ్యవసాయశాఖ వాళ్ళిచ్చిన టమాటో విత్తనాలు తెచ్చి ఆయన పెరట్లో పాత పెంటకుప్ప ఉన్నచోట చల్లారు. సీమ కాయలు వంటింట్లోకి రావడానికి వీల్లేదని అత్తగారు మొదట్లో అడ్డం తిరిగారు. వాటినే రామములక్కాయలంటారని పెదపాడు నుంచి వచ్చిన చుట్టాలావిడ చెప్పగానే, రాముడి పేరు పెట్టుకున్న కాయ కదా అని మెత్తబడ్డారు. పాత పెంట సత్తువకి మొక్కలు నడుమెత్తు పెరిగాయి. మాఘమాసం వచ్చేసరికి పెరడంతా ఎర్రగా విరగకాసింది. పప్పులో వేశాం, పులుసులో వేశాం, చారులో వేశాం. ఊరందరికీ పంచాం. కొల్లేటి నుంచి చేపలు తెచ్చే ఆవిడకి బుట్టెడు ఇస్తే, మర్నాడు బుట్ట బుట్టంతా తిరిగి తెచ్చి, "ఏవనుకోకండమ్మా, చేపల పులుసులో ఏద్దావంటే మావోళ్ళు చింతపండుకి ఏవొచ్చిందన్నారండీ" అని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ఆవులు కూడా వాసన చూసి మొహం తిప్పుకునేవి.

అప్పుడు అల్లుడుగారు వస్తున్నారని కబురొచ్చింది. మా ఆడపడుచు భర్త. ఉద్యోగంలో బదిలీ మీద బెజవాడ వచ్చారట, అత్తగారిని చూసిపోదామని బయల్దేరుతున్నారట. బదిలీ ఎక్కణ్ణించయ్యా అంటే, ఇన్ని ఊళ్ళుండగా పూనా నుంచి. అక్కడ రెండేళ్ళున్నారు. ఆయన్ని పూనా పంపినప్పుడే అత్తగారు ఒక నిట్టూర్పు విడిచారు గానీ, అంత దూరం నుంచి వచ్చి మన అరుగెక్కేదెప్పుడులే అని ఊరుకున్నారు.

కబురు విన్న దగ్గర్నుంచీ ఆవిడ ఏ పనీ చెయ్యలేకపోయారు. ఆ ఇంట్లో తల్లో కొడుకో ఎవరో ఒకరు అబద్ధాలకోరని తేలక తప్పదు. ఊరు కొడుకు వైపే వేలు చూపిస్తుందని నాకు తెలుసు.

"ఇప్పుడైనా నిజం చెప్పెయ్యండి" అన్నాను ఆయనతో.

"అమ్మ నెత్తి మీద చెయ్యేశానే" అన్నారాయన. "టమాటోలు చాలా ఉన్నాయి కదా, బావగారికి పూనా వంట ఒకటి చేసి పెడతాను. మాట నమ్మకపోతే మానె, నాలికైనా నమ్ముతుందేమో చూద్దాం" అన్నారు.

ఒళ్ళు మండింది. మనిషి మునిగిపోతూ ఈత నేర్పుతానంటే ఏమంటాం. కానీ ఆయన మొహం చూసి, గుండిగ తోమడానికి లేచాను.

పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. ఆయన చెబుతూంటే నేను చేశాను. మరిగే నీళ్ళలో పళ్ళు ఒక్క ముంచు ముంచి తీస్తే తోలు ఇట్టే ఊడి వచ్చింది. గింజలు తీసెయ్యమన్నారు. నువ్వులనూనె కాగాక వెల్లుల్లి రేకలు ఎర్రబడనీయకుండా వేయించి, పళ్ళ గుజ్జు పోసి, సన్నటి సెగ మీద ఉడకనివ్వమన్నారు. తాలింపు లేదు, పసుపు లేదు, చింతపండు లేదు, కారం లేదు. ఉప్పు ఒక్కటే. ఇంత చప్పటి దానికోసమా ఇంతమంది తెల్లవాళ్ళు కొట్టుకుంది అనుకున్నాను. మధ్యాహ్నానికి గుండిగెడు గుజ్జు సగానికి దిగి, చిక్కబడి, బుడగలు తుళ్ళి నా చేతులు కాలాయి. అప్పుడాయన పెరటి మూలకి వెళ్ళి ఒక ఆకు గుప్పెడు తుంచుకొచ్చారు. చూస్తే రుద్రజడ. మరువంతో కలిపి మేము జడలో పెట్టుకునే ఆకు.

"తల్లో పెట్టుకునేదాన్ని కూరలో వేస్తావట్రా? రేపు కనకాంబరాలు కూడా వండుతావా?" అన్నారు అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

"పూనాలో వేస్తారమ్మా" అన్నారాయన, గుండిగలోకి చూస్తూ.

ఆకు పడగానే వచ్చిన వాసన నేనింతవరకు మరచిపోలేదు. పెళ్ళివారి విడిదిలో ఎవరో వంట మొదలుపెట్టినట్టుంది. ఆయన స్నానానికి వెళ్ళి వచ్చేలోగా అత్తగారు వచ్చి గరిటెడు రుచి చూసి, మొహం చిట్లించి, అల్లుడుగారి నోటికి ఇది ఎలా ఎక్కుతుందని గుప్పెడు కారం, మెంతిపిండి వేసి కలిపేశారు. వద్దనేపాటి ధైర్యం నాకు లేదు. ఆయన వచ్చి వేలితో తీసుకుని నాకి, తల్లి వైపు చూశారు.

"అక్కడ కారం వెయ్యరమ్మా."

"వెయ్యరు కాబట్టే యుద్ధంలో ఓడిపోయారు" అన్నారావిడ.

అన్నాక నాలిక కరుచుకున్నారు. ఆ యుద్ధంలో పూనా ఎవరి చేతిలోనూ ఓడిపోలేదన్న సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఆయనకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ఆవిడ మాత్రం గరిటె పొయ్యిగట్టు మీద పెట్టి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఏలూరు నుంచి జట్కాలో అల్లుడుగారు దిగారు. పూనా చూసినవాడు వచ్చాడని ఊరు ఊరంతా మా అరుగు మీదే ఉంది. భోజనానికి సావిట్లో పీటలు వేశాం. ఉప్పునీళ్ళలో ఉడికించి వార్చిన సేమియా పళ్ళెంలో పెట్టి, దాని మీద ఎర్రగా ఆ ముద్ద పోశాను. ఆ రోజుల్లో అత్తగార్లు అల్లుళ్ళకి ఎదురుపడేవారు కారు. ఆవిడ వంటింటి తలుపు వెనకాల నిలబడ్డారు.

అల్లుడుగారు పళ్ళెంకేసి చూసి, "ఇదేంటండీ, పాయసంలో బెల్లం నిండుకుందా?" అన్నారు. ఒక ముద్ద తిన్నారు. మరో ముద్ద తిన్నారు. "బాగానే ఉందండోయ్. ఏం వంటకం?"

"పూనా వంటే కదండీ" అన్నాడు అరుగు మీది పెద్దమనిషి, సావిట్లోకి తొంగి చూస్తూ. "అక్కడ రోజూ ఇదే తింటారటండీ. మోకాలి లోతు మంచులో కూర్చుని."

అల్లుడుగారు చెయ్యి ఆపారు. "పూనాలో మంచేంటండీ? రెండేళ్ళున్నాను, ఒంటి మీద ఒక పంచె చాలు. ఈ వంటా నేనెక్కడా చూడలేదు. బావగారూ, మీరు పూనాలో ఏ పేటలో ఉండేవారు?"

అల్లుడుగారి మనసులో ఏ కల్మషమూ లేదు, ఊరికే అడిగారు. అరుగు మీద మాత్రం, ఇన్నేళ్ళూ వీధి మలుపు తిరిగి నవ్వుకున్నవాళ్ళు ఇవాళ ఎదురుగానే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మా ఆయన సేమియా పోగులు ఒక్కొక్కటే పక్కకి తీసి పెడుతున్నారు. ఆ తల ఎత్తి నిజం చెప్పెయ్యకూడదా అని నాకు ఆయన మీద కోపం వచ్చింది. అంతకు పదింతలు తలుపు వెనకాల మనిషి మీద వచ్చింది.

తలుపు చప్పుడైంది. అత్తగారు వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడ్డారు. అల్లుడుగారు కంగారుగా పీట మీంచి లేవబోయారు.

"కూర్చోండి బాబూ. వాడు పూనాలో లేడండీ. ఇటలీలో ఉన్నాడు, యుద్ధంలో. మంచూ నిజమే, కొండా నిజమే. పూనా అన్నదాన్ని నేను."

ఆవిడ అరుగు వైపు తిరిగారు.

"యుద్ధానికి వెళ్ళాడంటే మీరంతా నన్ను పలకరించడానికి వచ్చేవారు. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవారు. కొడుకు బతికుండగా ఆ పలకరింపులు నేను పడలేననుకున్నాను. పూనా అన్నాను, ఎవరూ రాలేదు. నాకూ నిద్రపట్టేది. ఆ మాటే పట్టుకుని బతికాను. వాడొచ్చాక వదలడానికి భయమేసింది."

ఇన్నేళ్ళూ ఆవిడ మీద నేను పెంచుకున్న కోపమంతా ఏమైందో తెలియదు. చేతులు కాలినచోట మాత్రం అప్పుడు మంట తెలిసింది.

అరుగు మీది పెద్దమనిషి కండువా సర్దుకుని, "అదేంటండీ, మాకు ముందే అనుమానంగా ఉందండీ" అన్నాడు. మిగతావాళ్ళూ తమకీ అనుమానంగానే ఉందన్నారు. ఆ పూట మా ఊళ్ళో పూనాని నమ్మినవాడంటూ ఒక్కడూ లేడు. అల్లుడుగారు ఇంకాస్త వడ్డించమన్నారు.

అత్తగారు మా ఆయన పళ్ళెం దగ్గరకు వచ్చి నిలబడ్డారు. తిరిగొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ అక్కడి సంగతి ఒక్కటీ అడిగి ఎరగరు.

"ఇది వండటం నీకెవరు నేర్పార్రా?"

"ఒక ముసలామె అమ్మా. మా లారీ చెడిపోయి వాళ్ళ గుమ్మం ముందు ఆగిపోయింది. బాగయ్యేదాకా ఆమే వండి పెట్టింది. పక్కనే కూర్చుని తినమనేది. ఆమె కొడుకూ యుద్ధానికి వెళ్ళాడట."

"వచ్చాడా?"

"తెలీదమ్మా. మేం బయల్దేరేటప్పటికి రాలేదు."

ఆవిడ ఆయన మొహంకేసి చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఒక పీట లాక్కుని, అల్లుడు ఎదురుగా ఉన్నాడన్న మాట మరచి, కొడుకు పక్కన కూర్చుని, నాకూ ఇంత పెట్టమ్మాయ్ అన్నారు.