పెద్దమ్మ కోయని చేను

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మంగళవారం పొద్దున, బస్సు డిపో ఎదురుగా ఉన్న నా దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ లేస్తలేదు. చాయ్ తెచ్చి పిలిస్తే పలుకుతలేదు. జర జల్దీ రా" అన్నాడు. షట్టర్ మళ్లీ దించి పరుగెత్తాను. నేను చేరేసరికే గడప ముందు చెప్పులు నిండిపోయాయి. దవాఖానకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టకుండా, గోడ వైపు తిరిగి పడుకొని ఉంది.

వచ్చినవాళ్లంతా "పుణ్యాత్మురాలు, బాధ పడకుంట పోయింది" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పోయిన చలికాలం నుంచీ ఆమె పడ్డ బాధ నేను చూశాను. అది బాధ అని చెబితే నవ్వేవాళ్లే ఎక్కువ. ఎందుకంటే అది ఒక ఫోన్ ఆట గురించిన బాధ. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నేను మాత్రం రాయక ఉండలేను.

ఆమె నాకు చుట్టం కాదు. నాది కల్హేర్. ఆమెది నాగల్‌గిద్ద అవతల, తెలుగు మాటలో కన్నడం కలిసిపోయే ఊరు. నారాయణఖేడ్‌లో ఒకే గోడకు అటూ ఇటూ అద్దెకున్నాం, అంతే. నేను ఫోన్లు బాగుచేస్తాను. ఆమె కొడుకు బస్సు నడుపుతాడు. ఊళ్లో వాళ్లకు కంది, జొన్న పండే చేను ఉండేది. కొత్త రోడ్డు పడ్డాక అది ప్లాట్లయింది. చేను పోయిన రైతును ఊళ్లో ఉంచి ఏం చేస్తాం అని కొడుకు ఆమెను ఇక్కడికి తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో ఆమె తెల్లారకముందే లేచి, ఎటు పోవాలో తెలియక, సందులో అటూ ఇటూ తిరిగేది.

కోడలు కొత్త ఫోన్ కొనుక్కొని పాతది అత్త చేతిలో పెట్టింది. అందులో వ్యవసాయం ఆట ఒకటి ముందే ఉంది. చిన్న చిన్న మళ్లు, ఒక బావి, ఒక ఆవు, మూలకు ఇల్లు. వేలు పెడితే విత్తనం పడుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వేలు పెడితే కోత అవుతుంది. పెద్దమ్మ ముందు నాలుగు రోజులు దాన్ని చూసి నవ్వింది. తర్వాత ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి, "బిడ్డా, గీ బాయిని జరుపొచ్చా?" అని అడిగింది. ఎలా జరపాలో చూపించాను. బావిని ఈశాన్యానికి తెచ్చింది. దాని పక్కన చెట్టు పెట్టింది. గట్టు వంపు కూడా అచ్చం ఉండాల్సినట్టే తిప్పుకుంది. అంతా అయ్యాక ఫోన్ నా ముందు పెట్టి, "గిదే నా చేను. సూడు" అంది. ఆ రోజు నుంచి దాన్ని నేను ఆటగా చూడలేకపోయాను.

ఆటలోని గోధుమను జొన్న అనేది. పసుపు పూల మొక్క ఏదో ఉంటే దాన్ని కంది అనేది. రెండు సాళ్లు అది, ఒక సాలు ఇది. అలా వేస్తే ఆటలో పాయింట్లు రావు. "పాయింట్లు తిని బతుకుతమా?" అని నన్నే కసిరేది. ఆవు మీద వేలు పెట్టినప్పుడల్లా పాలు వస్తాయి. ఆమె ఒకసారి పిండి, తర్వాతిసారి వదిలేసేది. "దూడకు ఇడువకుంట పిండుడేంది? గా ఆట జేసినోడు ఎన్నడన్న కొట్టంల అడుగుపెట్టిండా?" అనేది. మధ్యమధ్య ప్రకటనలు వచ్చేవి. ఎవరో అమ్మాయి బూట్లతో ఎగురుతూ ఏదో అమ్మేది. పెద్దమ్మకు ఒళ్లు మండేది. "చెప్పులతోని కల్లంల తిరుగుతున్నరు, వీళ్లకు మర్యాద లేదు" అని ఫోన్ బోర్లా పెట్టి, ప్రకటన అయిపోయేదాకా ముఖం తిప్పుకునేది. పంట త్వరగా రావాలంటే ఇది నొక్కు అని ఆట అడుగడుగునా ఆశ పెడుతుంది. ఎన్నడూ నొక్కలేదు. "పంటను తొందర జెయ్యొద్దు బిడ్డా, అది మనకన్న ముందుగాల లెక్క జూస్కున్నది" అనేది. అందుకే ఆమె ఏళ్లు ఆడినా కింది మెట్టు మీదే ఉండిపోయింది.

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ పాత ఫోన్ నిండిపోయి నడవనని మొరాయించేది. నా దగ్గరికి తెచ్చేది. ఏదో ఒకటి తీసేస్తే గానీ చోటు లేదు పెద్దమ్మా అంటే, పెళ్లిళ్ల ఫొటోలు తీసెయ్యమనేది, తన ఫొటోలూ తీసెయ్యమనేది. "నన్ను నేను సూస్కొని ఏం జెయ్యాలె? చేను ఉండాలె" అనేది. అలా ఒక్కొక్కటీ తీసేసి, చివరికి ఆ ఫోన్‌లో ఆ చేను తప్ప ఏమీ మిగల్లేదు.

ఎల్లమాస సంగతి చెప్పాలి. మా వైపు చలికాలంలో వచ్చే ఆ అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేనుకు పోతారు. పైరు నిలబడి ఉంటుంది గనుక భూమి కడుపుతో ఉన్నట్టు లెక్క. సజ్జ రొట్టెలు, ఆకుకూరలూ పప్పులూ కలిపి వండిన బజ్జి, జొన్న అంబలి తీసుకుపోయి, ముందు చేనుకు నాలుగు మూలలా చల్లి, తర్వాత అందరూ కూర్చుని తింటారు. పట్నం వచ్చిన తర్వాతి ఎల్లమాసకు పెద్దమ్మ కొత్త చీర కట్టుకొని, అంబలి కలిపి, ఫోన్ నాలుగు మూలలా చల్లింది. మర్నాడు ఆ ఫోన్ నా బల్ల మీదికొచ్చింది. మూత తీస్తే లోపలంతా పులిసిన వాసన. నేను గట్టిగానే అరిచాను. "పక్కన ప్లేట్ల పెట్టొచ్చు గద పెద్దమ్మా, ఫోన్ మీద పోస్తరా ఎవరన్న?"

"చేను దాంట్లనే ఉన్నదాయె. ఇంకెక్కడ సల్లాలె?" అంది.

స్పిరిట్ పెట్టి, బ్రష్‌తో తుడిచి, ఎండబెట్టి, ఎలాగో బతికించాను. "ఇంకోపారి జేస్తే నేను గూడ ఏం జెయ్యలేను" అన్నాను. "జెయ్య బిడ్డా, పరేషాన్ గాకు" అని రెండు చేతులతో తీసుకొని పోయింది.

పోయిన చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. తెర మీద ఇంగ్లిషులో ఏదో డబ్బా. చాలా రోజులుగా వస్తోందట. ప్రకటన అనుకొని పక్కకు నెట్టేస్తూ వచ్చిందట. చదివాను. ఆట మూసేస్తున్నారు. ఫలానా రోజు తర్వాత ఉండదు, ఇన్నాళ్లూ ఆడినందుకు ధన్యవాదాలు అని రాశారు. ఆ రోజు ఎల్లమాసకు ముందే పడింది.

"నోటీసా?" అంది. ఊళ్లో చేను పోయినప్పుడు నోటీసులు చూసిన మనిషి.

"అవు పెద్దమ్మా. నీ చేను నీ ఫోన్ల లేదు. ఏడ్నో దేశం గాని దేశంల పెద్ద మిషన్లుంటయి, వాటిల్ల ఉన్నది. గవి బంద్ జేస్తుండ్రు."

"నా చేతుల్నే ఉన్నదనుకున్న" అంది.

అందరం అలాగే అనుకుంటున్నాం. పొద్దున లేస్తే చేతిలో పట్టుకు తిరిగేదంతా మనదే అని. ఆట కొత్తగా వచ్చినప్పుడు రండి రండి అని పిలుస్తారు, ఇల్లు కట్టుకోమంటారు, చెట్టు నాటుకోమంటారు. లాభం రాదని తెలియగానే కింద నుంచి నేల లాగేస్తారు. అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. ఈ పనిలో ఉండి నేను నేర్చుకున్నది ఇదొక్కటే. దీన్ని బాగుచేసే పరికరం నా దగ్గర లేదు.

అప్పటికి ఆమె చేనంతా కోతకు వచ్చి ఉంది. మడిమడికీ బంగారు రంగులో ఊగుతోంది. "కోసేసుకో పెద్దమ్మా, పోయేలోపు పంటన్న చేతికొస్తది" అన్నాను.

"ఎల్లమాస పెట్టకుంట కొడవలి పెడ్తరా?" అని నన్ను కోపంగా చూసింది. "కడుపుతోని ఉన్నది. తినిపియ్యకుంట ఎట్ల కోస్తర్రా?" తర్వాత గొంతు తగ్గించింది. "వాళ్లకు రాయి బిడ్డా. ఎల్లమాస దాంక ఆగుమను. గా ప్లాట్లోళ్లన్న ఆగిండ్రు. కంది కోసుకునే దాంక రాళ్లు పాతలేదు. వీళ్లు ఆగరా?"

రాశాను. ఆటలోనే ఫిర్యాదు రాసే చోటు ఉంటుంది. నాకొచ్చిన ఇంగ్లిషులో, ఇక్కడ ఒక ముసలమ్మ ఉంది, పంట నిలబడి ఉంది, పండుగ అయ్యేదాకా ఆగండి అని రాశాను. ఒక్క నిమిషంలో జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదని చూస్తేనే తెలుస్తుంది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, మా కొత్త ఆట ఆడి చూడండి అని. కింద ఆ కొత్త ఆట బొమ్మ. ఒకడు తుపాకీ పట్టుకొని ఉన్నాడు.

"ఏమన్నరు?" అని అడిగింది. "ఇంక జూస్తుండ్రు" అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం దాకా చేను కనిపించింది. ఆమె గడప మీద కూర్చొని చూస్తూ ఉంది. కోడలు కూడా పని మానుకొని పక్కన కూర్చుంది. "కొయ్యి అత్తమ్మా, ఇగ పోతది" అని బతిమాలింది. పెద్దమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఒక్క మడి మీద కూడా వేలు పెట్టలేదు. దీపాలు పెట్టే వేళకు తెర తెల్లబడి, మధ్యలో చిన్న గుండ్రం తిరగడం మొదలైంది. తర్వాత చాలా రోజులు ఆమె పొద్దున్నే ఆ గుండ్రాన్నే చూస్తూ కూర్చునేది. నేను కనిపిస్తే ఒక్కటే అడిగేది. "పంట నిలవడే ఉంటదా బిడ్డా, ఏడ్నన్న?" ఉంటది అనేవాణ్ణి.

ఎల్లమాస నాడు వాళ్ల ఇంట్లోంచి బజ్జి వాసన వచ్చింది. కోడలు నాకూ ఒక గిన్నె పంపింది. పెద్దమ్మ మాత్రం తలుపు దగ్గరికి వేసుకొని ఉంది. ఆ తర్వాత ఆమె చేతిలో ఫోన్ చూడలేదు. అడిగితే, "బంద్ పడ్డది" అంది. తే, చూస్తాను అంటే, "బేడప్పా, వద్దు, ఉండనీ" అంది. మెల్లగా తిండి తగ్గింది, మాట తగ్గింది. తెల్లారకముందే లేచే మనిషి, ఎండ ఎక్కేదాకా పడుకోవడం మొదలుపెట్టింది. డాక్టర్‌కు ఏ జబ్బూ దొరకలేదు. రెండు చేన్లు పోయిన మనిషికి ఏ మందు రాయాలో ఆయనకు మాత్రం ఏం తెలుసు?

నిన్న కొడుకు ఆ ఫోన్ తెచ్చాడు. "అన్నా, అమ్మ ఫొటో ఒక్కటి గూడ లేదు ఇంట్ల. దీంట్ల ఏమన్న ఉంటే తియ్యన్నా, గోడకు పెట్టుకుంటం" అన్నాడు. లేవని చెప్పలేకపోయాను. చూస్తానన్నాను. అతను డ్యూటీకి పోయాక ఫోన్ మూత తీశాను.

పోయినసారిలా చిందరవందరగా లేదు. చాలా ఓపికగా, అంచుల్లోంచి లోపలికి దిగేలా పోసి ఉంది. బ్రష్ చేతిలోకి తీసుకున్నాను, మళ్లీ కింద పెట్టేశాను. ఎదురుగా డిపోలోంచి నాగల్‌గిద్ద బస్సు బయటికి వస్తోంది. నా బల్ల మీద, దీపం కింద, ఆ ఫోన్ నాలుగు మూలలా తెల్లగా ఎండిపోయిన జొన్న అంబలి.