బాషా గారి ఫ్యాను

ఈ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి పెళ్ళి జాకెట్టు తెచ్చుకుందామని గవర్నర్‌పేటలో మగ్గం పని చేసే బాషా గారింటికి వెళ్ళాను. అంత ఉక్కలోనూ ఫ్యాను కట్టేసి ఉంది. మర్చిపోయారేమోననుకుని నేనే స్విచ్ వేశాను. ఆయన తలెత్తకుండానే, "ఒక్క వరసే మిగిలిందమ్మా" అంటూ పూసలు కుడుతూనే ఉన్నారు. కాసేపటికి చూస్తే ఆయన కళ్ళవెంట ధారగా నీళ్ళు.

టీ తెచ్చిన ఆయన భార్య గబుక్కున ఫ్యాను ఆపేసింది. "కళ్ళు పొడిబారాయన్నారండీ డాక్టరు గారు. గాలి తగిలితే మండిపోయి ఇలా కారతాయి. చెప్పడానికి ఈయనకి మొహమాటం."

"చూపు పోలేదమ్మా," అన్నారాయన. "ఆసుపత్రిలో అక్షరాలన్నీ చదివేశాను. కానీ చూపు నిలవట్లేదు. రెప్ప వేస్తే కనపడుద్ది, సూది దింపేలోపు అలుక్కుపోద్ది. అందుకే మీ జాకెట్టుతో ఈ పని ఆపేస్తున్నా."

అంటూనే ఆ వరసని వేలితో తడిమి చూసుకున్నారు. వంకర పోయిందని మొత్తం విప్పేశారు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న చెయ్యి అది.

మళ్ళీ కుట్టేదాకా చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. మీరైతే స్విచ్ వేసేముందు అడిగేవారా? నేను అడగలేదు.